పచ్చి చెక్క తలుపే మేలు

కొత్తగా తలుపు చేయించే ఆలోచనలో ఉన్నారా? అయితే నా మాట విని పచ్చి చెక్కతోనే చేయించండి! ఆరిన చెక్క కోసం డిపోల చుట్టూ తిరిగే అమాయకులను చూస్తే నాకు జాలి. ఆరిన చెక్క తలుపు ఏం చేస్తుంది? తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అంతేగా!

కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. తేమ తగిలితే చెక్క ఎందుకు ఉబ్బుతుందో బోర్డు నిండా బొమ్మ గీసి చూపించగలను. అలాంటి నేను, పాత వీధి తలుపుకు చెదపట్టిందని టింబర్ డిపోకి వెళ్లి, ఒక పలకను మునివేలితో తట్టి, "ఇది బాగా ఆరిందేనా?" అని అడిగాను.

"ఎందుకు ఆరలేదు సార్! నిన్నంతా ఎండలోనే ఉంది" అన్నాడు డిపో ఆసామి.

నాకు పూర్తి తృప్తి కలిగింది. టేపు పెట్టి చూస్తే మాత్రం రెండంగుళాల పలక ఒకటిన్నరే ఉంది.

"రెండు అనేది దుంగ కోసేటప్పటి మాట సార్. రంపం కొంత తింటుంది, చిత్రిక కొంత తింటుంది."

"మరి నాకు?"

"అవి తినగా మిగిలిందంతా మీకే!"

ఇంత ఉదారంగా ఇస్తుంటే కాదంటామా?

తొలి వానకే తలుపు ఉబ్బి, ద్వారబంధంలో బిగుసుకుపోయింది. పాల ప్యాకెట్ కోసం బయలుదేరిన నేను లోపలే ఉండిపోయాను. సిగ్గు విడిచి అరిచాను. ఎదురు వాటా టైలరు పరుగెత్తుకొచ్చి, "పక్కకు జరగండి మాస్టారూ!" అంటూ మోకాలితో ఒక్క పోటు పొడిచాడు. తలుపు తెరుచుకుంది, దాని వెంటే టైలరూ లోపలికొచ్చాడు. ఎలాగూ వచ్చాడు కనుక కూర్చున్నాడు. కూర్చున్నాడు కనుక టీ పెట్టాను. మా ఆవిడ పోయిన ఈ పది నెలల్లో, సింకులో రెండు కప్పులు పడటం అదే మొదటిసారి.

వానాకాలమంతా రోజూ ఇదే తంతు. ఇప్పుడు చెప్పండి, ఏ చేవదేరిన కలప మీ ఇంటికి రోజుకో మనిషిని తెచ్చిపెడుతుంది?

కానీ లోకంలో మంచివాళ్లుంటారే, వాళ్లతోనే ప్రమాదం! టైలరే నా మీద జాలిపడి, ఒక వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పెద్దమనిషి తలుపు ఊడదీసి, అంచంతా చిత్రిక పట్టి, మళ్లీ బిగించి, చిటికెన వేలితో తోసి చూపించాడు.

"ఇంక మీకు ఎవరి సాయమూ అక్కర్లేదు సార్!" అని దీవించి మరీ వెళ్లాడు.

నాలుగు రోజులు తలుపు చప్పుడైనా లేకుండా తెరుచుకుంది. ఎవరూ రాలేదు.

ఐదో రోజు పొద్దున తలుపు దగ్గరగా వేసి, పక్కన గోడకు ఆనుకుని, "ఏమయ్యా టైలరూ! మళ్లీ బిగుసుకుంది!" అని కేకేశాను. పాపం, ఎప్పటి బలంతోనే మోకాలు విసిరాడు. తలుపు వెళ్లి గోడకు కొట్టుకుంది. అతను వెళ్లి సోఫాలో పడ్డాడు.

"ఇదెక్కడ బిగుసుకుందండీ!" అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

నేను తలుపును మళ్లీ మెల్లగా దగ్గరకు వేశాను.

"మరెందుకు పిలిచారు?"

ఫిజిక్స్‌లో దీనికి జవాబు లేదు. "టీ పెట్టాను" అన్నాను, నేల చూపులు చూస్తూ.

"ఆ ముక్కేదో నోటితో చెప్పొచ్చుగా మాస్టారూ! దానికి నా మోకాలెందుకు?"