అన్నిటికీ ఒకటే చార్జరా? ఇదేం పోయేకాలం!

ప్రతి పరికరానికీ వేరే చార్జర్ ఉండటం మనకు దక్కిన వరం. కాదనేవాళ్లు నాతో వాదనకు రావచ్చు. వచ్చేటప్పుడు ఎవరి చార్జర్ వాళ్లే తెచ్చుకోవాలి!

ఊరికే అనడం లేదు. ఫోన్లకీ, ల్యాప్‌టాప్‌లకీ, చేత్తో పట్టుకెళ్లే సమస్త పరికరాలకీ కలిపి ఒకే అడాప్టర్ ఎలా ఉండాలో తేల్చడానికి మా సావో పాలోలో ఒక కమిటీ ఉంది. పన్నెండేళ్లుగా తేలుస్తోంది. అందులో వినియోగదారుల ప్రతినిధిని నేనే. అంటే మీ తరఫు మనిషిని. కాబట్టి ధైర్యంగా ఉండండి.

మేం ఖాళీగా కూర్చోలేదు. అడాప్టర్ నల్లగా ఉండాలని నాలుగో ఏడే ఏకగ్రీవంగా తీర్మానించాం. ఐదో ఏడు ఒక కంపెనీవారు "ఎంత నలుపు?" అని అడిగారు. అది పరిశీలనలో ఉంది. పిన్ను మాత్రం ఒకటే ఉండాలని కమిటీలోని పద్నాలుగు కంపెనీలూ ముక్తకంఠంతో ఒప్పుకున్నాయి. ఎవరి పిన్ను అన్నదొక్కటే మిగిలింది.

అయినా తొందరేముంది? మా దేశంలో గోడలో కరెంటే ఊరికో రకం! చుట్టాలింటికి వెళ్తే కుశలప్రశ్నలకన్నా ముందు "ఇక్కడ నూట పది వోల్టులా, రెండొందల ఇరవయ్యా?" అని అడుగుతాం. సముద్రం ఒడ్డునున్న సాంతోస్‌లో కొన్న హెయిర్ డ్రయర్ మా ఇంట్లో పెడితే ఊదదు, నిట్టూరుస్తుంది. మాది అక్కడ పెడితే పొగలు కక్కుతుంది. ఇంత వైవిధ్యం మీకెక్కడ దొరుకుతుంది?

మా సొరుగులో నలభై మూడు అడాప్టర్లున్నాయి. "పారేయవయ్యా మగడా" అంటుంది మా ఆవిడ లూసినేయా. ఏది దేనిదో తెలియనప్పుడు ఏది పారేయాలి?

ఈ వరం ఈ మధ్య మా అమ్మకూ దక్కింది.

మా అమ్మకి, అందరూ గౌరవంగా దోనా జుల్మీరా అనే ఆవిడకి, ఎనభై ఒకటి. ఊపిరితిత్తులు మొరాయించినప్పటి నుంచీ హ్యాండ్‌బ్యాగంత ఆక్సిజన్ మెషీన్ భుజాన తగిలించుకుని తిరుగుతోంది. ప్రతి శనివారం చర్చి హాల్లో బింగో ఆడించేది ఆవిడే. మైకులో అంకె చదివిందంటే వీధి చివరిదాకా వినపడాల్సిందే. పోయిన నెల ఆ మెషీన్ అడాప్టర్ చచ్చిపోయింది. సొరుగులో ఉన్న నలభై మూడూ పెట్టి చూశాను, ఒక్కటీ పట్టలేదు. కంపెనీవాళ్లేమో ఆ మోడల్ ఆపేశామన్నారు, అడాప్టర్‌కి అరవై రోజులు ఆగమన్నారు. అందాకా అమ్మ ఇంట్లో పెద్ద సిలిండర్ పక్కనే కూర్చోవాలి. గొట్టం ఎంత పొడవుంటే ఆవిడ లోకం అంత. మూడు శనివారాలు పోయాయి, మైకు అదే చర్చికొచ్చే దోనా నెయిడీ చేతికి పోయింది.

"అది ముక్కుతో చదువుతుందిరా! అరవై అందో, డెబ్బై అందో దేవుడికి కూడా తెలీదు. నేను కనపడకపోతే పోయాననుకుంటున్నారేమో వాళ్లంతా!" అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చింది. ప్రతినిధులు ఏడవకూడదు కనుక కాఫీ పెట్టే నెపంతో లేచాను.

"ఒరేయ్, మీ కమిటీ ఉందిగా? నా మెషీన్‌కీ ఆ పిన్నే పెట్టాలని ఒక్క ముక్క రాయలేరూ?"

"వైద్య పరికరాలు మా పరిధిలో లేవమ్మా. ఆరో ఏడే తీసేశారు."

"ఎందుకు తీసేశార్రా?"

గురువారం సెలవొస్తే శుక్రవారాన్నీ కలిపేసుకోవడం మా జాతీయ ధర్మం. అలాంటి సెలవుకి ముందు బుధవారం చర్చ వైద్య పరికరాల దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. సముద్రం దారి కార్లతో నిండిపోతోంది. ఆ అంశానికి ఇంకో రెండు గంటలు పడుతుందన్నాడు అధ్యక్షుడు. అప్పుడొకాయన లేచి, "ముసలాళ్ల మెషీన్లు ఇప్పుడెందుకు, తీసేద్దాం, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. పద్నాలుగు కంపెనీలూ బల్లలు చరిచాయి. చీకటి పడకముందే అందరం నీళ్లలో కాళ్లు పెట్టాం.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఆ ఒకాయన పేరు తప్ప.

అమ్మ ముక్కుకున్న గొట్టం సర్దుకుంది. "ఎవడ్రా ఆ దరిద్రుడు? పేరు కనుక్కో. వాడి తల్లెవరో తెలిస్తే ఆవిడతోనే చెప్పి చెంపలు వాయగొట్టిస్తాను!"

పేరు మినిట్స్ పుస్తకంలో ఉంది, నా సంతకంతో సహా. ఆ తల్లిని వెతుక్కుంటూ అమ్మ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. వెళ్లే వీలూ లేదు.