బాక్టీరియాకు లేని ఇబ్బంది మీకెందుకు?

"స్థలం చాలదనేది అజ్ఞానుల మాట!"

సూక్ష్మజీవుల పరిశోధన సంస్థ డైరెక్టరు గారి నోట ఈ మహావాక్యం వెలువడగానే మూడు గదుల ప్రయోగశాల ఒక్క గదిలోకి వచ్చిపడింది. దీనికి ప్రమాణం? బాక్టీరియా! కంటికి ఆనని ఆ ప్రాణి తనకంటే వెయ్యి రెట్లు పొడవైన డీఎన్ఏ దారాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఆ దారానికి విడిగా ఒక గది కూడా ఉండదు. కొన్ని ప్రోటీన్లు దాన్ని పట్టుకుని, ఇక్కడ వంచి, అక్కడ కట్టి, పొందిగ్గా సర్దేస్తాయి. అంత చిన్న ప్రాణికి చేతనైన పని జీతాలు తీసుకునే మనుషులకు చేతకాదా? ఖాళీ అయిన రెండు గదులనూ డైరెక్టరు గారు తమ ఆలోచనలకు కేటాయించుకున్నారు. పెద్ద ఆలోచనలకు పెద్ద చోటు కావాలి మరి!

దారాలమ్మాయి గుండెల్లో రాయి పడింది. పొద్దస్తమానం సూక్ష్మదర్శిని ముందు కూర్చుని డీఎన్ఏ పోగులు చూస్తుంది కనుక అందరూ ఆమెను అలా పిలుస్తారు. తను పరిశోధిస్తున్న ప్రోటీన్ ఆ దారాన్ని ఎలా సర్దుతుందో తనిఖీ సంఘానికి కళ్ళారా చూపిస్తేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ఆ గదిలోనేమో ఒకరు ఫ్రిజ్ తీయాలంటే ముగ్గురు లేచి నిలబడాలి. తుమ్మదలచుకున్నవాళ్ళు ముందుగా చెప్పి తుమ్మాలి.

"అక్కా, కుర్చీ కాస్త జరుపుతావా?" అని అడిగిందామె వెనక కూర్చున్నావిడను.

"ఎక్కడికి జరపనే తల్లీ? కిటికీలోంచి దూకమంటావా?"

తనిఖీ రోజు రానే వచ్చింది. లోపల కాలు పెట్టే సందు లేక సంఘం అధ్యక్షురాలు, డైరెక్టరు గుమ్మంలోనే నిలబడ్డారు. తమ బాక్టీరియా సిద్ధాంతాన్నీ, దానివల్ల మిగిలిన రెండు గదులనూ డైరెక్టరు గారు ఆమెకు గొప్పగా వర్ణించారు. దారాలమ్మాయి గాజుపలక మీద ఒక్క చుక్క ప్రోటీన్ వేయబోతోంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫ్రిజ్ తీశారు! ముగ్గురూ అలవాటుగా లేచారు. మోచేతికి మోచెయ్యి తగిలింది. చుక్క పడాల్సిన చోట డ్రాపరంతా ఖాళీ అయింది. సూక్ష్మదర్శిని తెరమీద హాయిగా ఊగుతున్న దారాలన్నీ ముద్దకట్టి కూర్చున్నాయి.

"చూశారా మేడమ్, ఏం పొందిక! ఏం పొందిక!" అని డైరెక్టరు గారు పులకించిపోయారు.

దారాలమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలిచేదే. కానీ ఆ అబద్ధం ఆమె గొంతు దిగలేదు.

"కాదు మేడమ్, ప్రోటీన్ ఎక్కువైపోయింది. సర్దినా సరే, కావలసిన చోట దారం విప్పి చదువుకునేంత వదులుండాలి. ఇంత బిగిస్తే ఏ జన్యువూ పనిచేయదు. తిండి దొరకనప్పుడు బాక్టీరియా ఇలాగే బిగుసుకుపోయి పడుంటుంది."

"వినయం మేడమ్, ఉత్త వినయం!" అన్నారు డైరెక్టరు గారు.

అధ్యక్షురాలు తల పంకించింది. "నాకు మీ సిద్ధాంతమే నచ్చిందండీ. కానీ అంత గొప్పదాన్ని సగంలో ఆపేశారేం? మీరూ ఈ గదిలోకే వచ్చేయండి. ఆ రెండు గదులూ మాకిచ్చేయండి. మా సంఘానికీ ఆలోచనలుంటాయి కదా! అమ్మాయీ, నీ ప్రయోగం వచ్చే తనిఖీలో మళ్ళీ చూస్తాను."

మర్నాటికల్లా డైరెక్టరు గారి కుర్చీ ఫ్రిజ్‌కీ సింక్‌కీ మధ్య ఇరుక్కుంది.

"అమ్మా, కాస్త జరుగుతావా?" అని ఆయన దీనంగా అడిగారు.

"స్థలం చాలదనేది..." అని వెనకావిడ ఎత్తుకుంది.

"అజ్ఞానుల మాట సార్!" అని గదంతా అందుకుంది. కడుపుబ్బా నవ్వడానికి మాత్రం ఎవరికీ చోటు చాల్లేదు.

వారం తిరక్కుండానే రెండో మహావాక్యం వెలువడింది. "అతిగా కుక్కడం ప్రాణాంతకం! ఈ సత్యాన్ని నేను స్వయంగా కనుగొన్నాను. జీవకణం బతకాలంటే వదులు కావాలి. వదులు కోసం ఎవరో ఒకరు త్యాగం చేయాలి. ఆ త్యాగం నేనే చేస్తున్నాను!"

ఇలా త్యాగం చేసి ఆయన గ్రంథాలయమంతా ఆక్రమించుకున్నారు.

ఆయన కుర్చీ గదిలోంచి కదలడంతో దారాలమ్మాయి మోచేతికి జానెడు చోటు దొరికింది. మలి తనిఖీలో పడాల్సిన ఒక్క చుక్కే పడింది. దారం వంపులు తిరిగి, మెలికల మధ్య సందులు వదిలి, ముచ్చటగా సర్దుకుంది. ఆమె ఉద్యోగం నిలిచింది. ఆ ఫలితం పెద్ద విజ్ఞాన పత్రికలో అచ్చయింది కూడా. దారాలమ్మాయి ఆశగా తెరిచి చూస్తే, పైన పెద్ద అక్షరాల్లో డైరెక్టరు గారి పేరు, దాని కింద ఆయన బిరుదులు!

"నా పేరేది సార్?" అందామె.

"ఏం చేయనమ్మా," అని ఆయన నిట్టూర్చారు. "స్థలం చాల్లేదు."