ఆ ఉదయం సముద్రం బాగుపడింది

గున్‌వోర్ ఆ రోజు చేయాలనుకున్నవి చిన్న పనులే. పెందలాడే పరిశోధన స్టేషన్‌కు రావడం, కంప్యూటర్ తెర మీది దుమ్ము తుడవడం, ఓస్లో నుంచి వచ్చే కమిటీకి తన గ్రాఫు గీత చూపించడం. ఆ గీత కోసమే ఆమె పడుచుతనంలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఈ ఫ్యోర్డు ఒడ్డుకు వచ్చి, ఇక్కడే జుట్టు నెరిపించుకుంది. ఫ్యోర్డు లోతుల్లోంచి గొట్టం గుండా నేలమాళిగలోని తొట్టిలోకి సముద్రపు నీళ్ళు పడుతుంటాయి. తొట్టిలో మునిగిన పరికరం ఆ నీళ్ళ పీహెచ్ కొలుస్తుంటుంది. మనుషులు వదిలే పొగలో కొంత సముద్రం మింగుతుంది కాబట్టి భూమికి కొంత వేడి తప్పుతోంది. మింగిన పాపానికి సముద్రం మాత్రం ఏటా కాస్త పులుపెక్కుతోంది. పులుపెక్కిన కొద్దీ గీత కిందికి దిగుతుంది. ఏళ్ళ తరబడి అది దిగుతూనే ఉంది. చూస్తే దిగులేసే గీతే, కానీ నమ్మదగ్గ గీత.

ఆ ఉదయం గీత పైకి లేచింది.

"ఎస్కిల్, ఒకసారి ఇలా రా. కంగారేం లేదు," అంది గున్‌వోర్. అంటూనే తుడిచిన తెరనే మళ్ళీ తుడిచింది.

పరికరాల పని చూసే ఎస్కిల్ కాఫీ కప్పుతో వచ్చి తెర వంక చూశాడు. "ఇదేమిటి, పైకి పోతోంది?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానోయ్?"

"సముద్రం బాగుపడిందేమో."

"రాత్రికి రాత్రి తగ్గిపోవడానికి దానికేమన్నా జలుబు చేసిందా?"

ఎస్కిల్ నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. ఈ తీరం మీద ఒక స్టేషన్ మూసేయక తప్పదని ఓస్లో వాళ్ళు ముందే చెప్పేశారు. ఏది మూయాలో తేల్చడానికే కమిటీ వస్తోంది. పరికరం పిచ్చి అంకెలు చూపిస్తే ఇన్నేళ్ళ గీతా పిచ్చిదేనంటారు. 

కొత్త పరికరం పెట్టి చూద్దామంటే నేలమాళిగ తాళం డైరెక్టరు టోర్లైవ్ దగ్గరుంది. ఆయన చేపల వలసల మీద పరిశోధన చేసినవాడు. రసాయన శాస్త్రం ఊసెత్తితే ఆవలిస్తాడు.

"కిందికి ఎవరూ వెళ్ళొద్దు. అంతా శుభ్రం చేయించాను. ఆ పరికరమేదో ఇటివ్వండి, నేనే మార్చి వస్తాను," అని పట్టుకుపోయాడాయన. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది. గీత ఇంకాస్త పైకి ఎక్కింది.

"అయితే నీళ్ళలోనే ఏదో కలిసింది. ఫ్యోర్డు పులుపు విరగ్గొడతాం, సున్నపు పొడి పోస్తామని ఒక కంపెనీ తిరుగుతోంది కదా," అన్నాడు ఎస్కిల్. గున్‌వోర్ వద్దు వద్దంటున్నా వినకుండా, పురపాలక కార్యాలయంలో పనిచేసే తన మేనత్త కూతురికి ఫోన్ చేశాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే మేయరు చెవిన వేసింది. మేయరు కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్ళు చెంచాడు పొడి కూడా పోసి ఎరగరు. అయినా, ఫలితం బాగుందంటే పేరు వద్దనేది లేదన్నారు. ఊళ్ళో బేకరీ ఇంకా తెరవకముందే ఫ్యోర్డు బాగుపడిపోయింది.

కమిటీ అధ్యక్షురాలు ఇంగ్‌ఫ్రిడ్, మిగతా సభ్యులతో కలిసి మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. ఆమె వెనకే మేయరు, చేతుల్లో పెద్ద కేకుతో వచ్చాడు. కేకు మీద క్రీముతో 'మన ఫ్యోర్డు బాగుపడింది' అని రాయించాడు.

"మీ గీత కిందికి దిగుతుందని విన్నాను," అంది ఇంగ్‌ఫ్రిడ్ తెర చూస్తూ.

"దిగుతుందండీ. ఇవాళ ఒక్క పూటే..."

"మేము వచ్చిన పూటే."

"అవునండీ," అంది గున్‌వోర్. 

"ఎందుకమ్మా ఆ ఏడుపు మొహం? శుభవార్త కదా, కేకు కోస్తాను ఉండు," అన్నాడు మేయరు.

"సముద్రం బాగుపడితే నాకన్నా సంబరపడేవాళ్ళు ఉండరు. బాగుపడలేదండీ. నేను కిందికి వెళ్ళి చూడాలి. టోర్లైవ్, తాళం ఇవ్వండి."

"కింద చలిగా ఉంటుంది," అన్నాడు టోర్లైవ్.

"డిసెంబరులో పైన మాత్రం ఎండ కాస్తోందా?"

ఆయన జేబు తడుముకున్నాడు, మెట్ల వంక చూశాడు, చివరికి ఇచ్చాడు. అందరూ దిగారు. 'ఈ గదిలోకి తినే వస్తువులు తేరాదు' అని నేలమాళిగ తలుపు మీద నోటీసు ఉంది. కింద టోర్లైవ్ సంతకం.

గున్‌వోర్ చేతి మీటరుతో గొట్టం మూతి దగ్గర నీళ్ళు చూసింది. మామూలుగానే ఉన్నాయి. తొట్టిలో నీళ్ళు చూసింది. మీటరు ఎక్కువ అంకె చూపించింది. అంటే నీళ్ళు గొట్టంలోంచి పడ్డాకే మారుతున్నాయి. ఇంతలో ఆమె చేతి మీద టప్పున ఒక చుక్క పడింది. వేళ్ళతో రుద్దితే సబ్బులా జారింది. తలెత్తి చూస్తే, పై అరలో గళ్ళ గుడ్డ కప్పిన బకెట్టు. నిండి పొర్లి, కొద్దికొద్దిగా తొట్టిలోకి కారుతోంది.

"టోర్లైవ్, అదేమిటి?"

"మధ్యాహ్నం భోజనం," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

గుడ్డ తీస్తే లూటెఫిస్క్, పండగ చేప. క్రిస్మస్ ముందు అతిథులకు దాన్ని పెట్టకపోతే పరువు తక్కువని ఆయన నమ్మకం. ఎండు చేపను, పులుపు విరిచే ఘాటైన క్షారంలో నానేసి, ఆ క్షారం పోయేందుకు మళ్ళీ రోజుల తరబడి నీళ్ళలో ఉంచాలి. వాసన భరించలేక భార్య బకెట్టును ఇంట్లోంచి గెంటేసింది. నీళ్ళు మారుతుంటే మంచిదని ఆయన మంచినీళ్ళ గొట్టం సన్నగా వదిలి, ఆ సంగతే మరిచిపోయాడు.

 టోర్లైవ్ తలుపు దగ్గరకు వెళ్ళి తన నోటీసు తనే చదువుకున్నాడు.

ఎస్కిల్ బకెట్టు బయట పెట్టి, తొట్టి కడిగి వచ్చాడు. పైన అందరూ తెర ముందు నిలబడ్డారు. గీత కాసేపు కదల్లేదు.  ఆ తర్వాత మెల్లగా వంగి, కిందికి కిందికి దిగి, తన పాత చోటికి వచ్చి ఆగింది. గున్‌వోర్‌కు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముందు ఎస్కిల్ చప్పట్లు కొట్టాడు, తర్వాత కమిటీ, ఆఖరికి మేయరు కూడా.

"బకెట్టులో చేపను నానేస్తే, కారిన చుక్కల్ని బట్టి ఈ గీత పసిగట్టింది. ఇలాంటి గీతను ఆపేయమని నేను రాయలేను. మూసేది ఈ స్టేషన్ కాదు," అంది ఇంగ్‌ఫ్రిడ్.

 భోజనాల వేళకు గున్‌వోర్ మీటరు పట్టుకెళ్ళి చేపలో కూడా గుచ్చి చూసింది. క్షారం పోక, ఇంకా నోట్లో పెట్టుకునే స్థితికి రాలేదది. దాంతో భోజనానికి మేయరు కేకే దిక్కయింది.

'బాగుపడింది' అన్న ముక్క ఇంగ్‌ఫ్రిడ్ వంతుకు వచ్చింది. ఆమె దాన్ని చూసి, తెర చూసి, "ఇంతకీ ఇందాక మనం చప్పట్లు కొట్టింది దేనికి?" అని అడిగింది.

"సముద్రం మామూలుగానే పాడవుతున్నందుకు," అంది గున్‌వోర్, ఫోర్కు అందిస్తూ.