కుక్కల్లాంటి సింహాలు, సింహంలాంటి కుక్క

మహానందయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ఆళ్లగడ్డ నుంచి బామ్మర్ది చెన్నకేశవులు వచ్చి కారు దిగాలి. గేటు దగ్గర కూర్చున్న టైగర్‌ను చూడాలి. చూసి కుళ్లుకోవాలి. ఆ తర్వాతే కాఫీ.

భార్య రత్నమ్మ పథకం వేరు. నాలుగేళ్లుగా నంద్యాల గడప తొక్కని తమ్ముడు ఈ రోజు భార్యతో వచ్చి, తనకు బొట్టు పెట్టి, కూతురు జాహ్నవి పెళ్లికి పిలవబోతున్నాడు. పిలిచి వెళ్లిపోవడం కాదు, అదే కారులో వెంట తీసుకుపోతాడు. సాయంత్రం ఆళ్లగడ్డలో పసుపు కొడతారు. ఇంటి ఆడపడుచు రోకలి పట్టనిదే ఆ ఇంట పెళ్లి పని మొదలుకాదు. బొట్టు పెట్టి పిలవనిదే ఆడపడుచు కదలదు. అందుకే చీరలు సర్దిన పెట్టె తలుపు పక్కన సిద్ధంగా ఉన్నా, దాని వంక చూడనట్టు నటిస్తూ ఆమె భక్ష్యాలు కాలుస్తోంది.

నాలుగేళ్ల ఎడబాటుకు కారణం పొలమో ఇల్లో కాదు, రెండు సింహాలు. చెన్నకేశవులు ఇల్లు కట్టుకున్నాడు. ఆళ్లగడ్డలో ఉంటూ గుమ్మం ముందు రాతి బొమ్మ లేకపోతే ఊళ్లో శిల్పుల ముఖం ఎలా చూడాలని, రెండు సింహాలు చెక్కించి గేటుకు అటూ ఇటూ నిలబెట్టాడు. గృహప్రవేశం నాడు బంధువులంతా వాటి చుట్టూ మూగి మెచ్చుకుంటున్నారు. జీవితమంతా ఎరువుల బస్తాలు తప్ప వేరే ఏదీ పరీక్షగా చూడని మహానందయ్య, సింహాల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తీర్పు చెప్పాడు.

"సింహాలని నువ్వు చెప్పినావు గాబట్టి సరిపాయ. లేకుంటే కుక్కలనుకుందును గదప్పా."

అందరూ నవ్వారు. చెన్నకేశవులు ఒక్కడే నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆళ్లగడ్డలో ఆ ఇల్లు "కుక్కల ఇల్లు" అయింది. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా అలాగే అడుగుతాడట. ఆ దెబ్బతో రాకపోకలు ఆగిపోయాయి. మధ్యలో నలిగింది రత్నమ్మ.

ఇంత జరిగాక మరొకడైతే కుక్కల మాట ఎత్తకుండా బతుకుతాడు. మహానందయ్య కుక్కను కొన్నాడు. అదైనా వీధిలో తిరిగే రకం కాదు, టిబెటన్ మాస్టిఫ్. కొడుకు లోకేశ్ ఫోనులో చూపించిన రోజే ఆయన దాని మీద మనసు పారేసుకున్నాడు. మెడ చుట్టూ జూలు, గాడిదంత ఎత్తు, లోకాన్ని లెక్కచెయ్యని చూపు.

"దీంట్లో రెండు రకాలుంటాయి నాయనా," అన్నాడు లోకేశ్. వాడు కుక్కల గురించి పుస్తకం ఏదీ చదవలేదు గానీ వీడియోలన్నీ చూశాడు. "పులి రకం ఒకటి, సింహం రకం ఒకటి. సింహం రకానికే జూలుంటది."

"సింహం రకమే కావాల," అన్నాడు తండ్రి, కారణం చెప్పకుండా.

బెంగళూరులో కుక్కలు పెంచే మంజుల అనే ఆవిడ దగ్గర నుంచి రెండేళ్ల వయసున్న దాన్ని తెచ్చారు. నరసింహ అని పేరు పెట్టబోతే, అహోబిలం పక్కన పుట్టిన రత్నమ్మ ఒప్పుకోలేదు. చివరికి సింహం రకం కుక్కకు టైగర్ అని పేరు పెట్టి ఆ ఇంట్లో ఎవరూ సిగ్గుపడలేదు.

మంచు కొండల్లో గొర్రెలమందలు కాయడానికి పుట్టిన జీవి అది. మంచును ఓర్చుకోవడానికి దానికి రెండు వరసల బొచ్చు. అటువంటిదాన్ని తెచ్చి నంద్యాల ఎండలో పెట్టారు. దాని కోసం ముందుగదిలో ఏసీ బిగించారు. మామగారు చచ్చేదాకా అడిగినా ఆ గదికి పంకా తప్ప మరొకటి పెట్టని మహానందయ్య, పొద్దునా సాయంత్రం దాని జూలు దువ్వేవాడు. ఆ దువ్వెన మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. శాకాహారుల ఇల్లు కాబట్టి పెరుగన్నమే పెట్టేవారు. ఆ జాతికి అది చాలదని వైద్యుడు చెప్పడంతో, వారానికి రెండుసార్లు ఒక స్నేహితుడి తోటకు పంపేవారు. అక్కడ అది ఏం తినేదో ఈ ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

పగలంతా నిద్ర, రాత్రంతా కాపలా. ఇంటివాళ్ల జోలికి పోదు, కొత్తవాళ్లను నమ్మదు. అనవసరంగా కరవదు, పట్టుకుని నిలబెడుతుంది. ఇన్ని మంచి గుణాల మధ్య ఒక్కటే లోటు. చెప్పిన మాట వినదు. "రా" అంటే రాదు. "పో" అంటే పోదు. ఒకసారి మహానందయ్య చెప్పు నోట కరుచుకుంది. "ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు" అని ఆయన అరిచేకొద్దీ మరింత బిగించింది. రత్నమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏం బిడ్డా ఇది" అనగానే టక్కున వదిలేసింది.

"ఈ జాతికి సొంత అభిప్రాయం ఉంటది నాయనా," అని లోకేశ్ వివరించాడు. "ఇంట్లో ఒక్కర్నే యజమానిగా ఎంచుకుంటది. అమ్మను ఎంచుకునింది."

జూలు దువ్వేది తానైతే పెత్తనం పెళ్లానిదా అని మహానందయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రత్నమ్మ మాత్రం అప్పట్నుంచి దాన్ని బిడ్డా అనే పిలిచేది.

ఆ ఉదయం కారు వచ్చి ఆగింది. చెన్నకేశవులు దిగాడు. పట్టంచు పంచె, తెల్ల చొక్కా, చేతిలో వెండి పళ్లెం, పళ్లెంలో నిండు కుంకుమ భరిణె, పెళ్లి పత్రిక. వెనకే దిగబోయిన భార్య రామలక్ష్మమ్మ, గేటులోంచి కనిపించిన ఆకారాన్ని చూసి, కాలు వెనక్కి తీసుకుని తలుపు వేసుకుంది.

మహానందయ్య వరండాలో నిలబడి చూస్తున్నాడు. ఎదురెళ్లాలా, ముందుగా బామ్మర్ది కుక్కను మెచ్చుకునేదాకా ఆగాలా అని తేల్చుకోలేకపోయాడు. చెన్నకేశవులు మాత్రం దారి పొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చాడు. తానే ముందు నోరు తెరవాలి, పాతదంతా మరిచిపోయినట్టు ప్రేమగా పిలవాలి. గేటు తీసి గొంతెత్తి పిలిచాడు.

"బావా. ఓ బావా."

ఎన్నడూ ఎవరి పిలుపుకూ కదలని టైగర్ లేచి పరుగెత్తింది. కొండ కదిలి వస్తున్నట్టనిపించిన చెన్నకేశవులు పళ్లెం అడ్డం పెట్టుకున్నాడు. భరిణె ఎగిరి, కుంకుమంతా అతని చొక్కా మీద పడింది. వెనక్కి తిరిగేలోపు పంచె కొంగు దాని నోట్లో ఉంది.

"ఏమీ చెయ్యదులేప్పా, ఊరికే పట్టుకుంటది, దాని జాతి గుణమది," అంటూ మహానందయ్య మెట్లు దిగాడు, కొంత గర్వంగానే. "టైగర్, ఇడిసిపెట్టు."

టైగర్ పట్టు బిగించింది.

"ఇడిసిపెట్టు రా," అన్నాడు లోకేశ్. ఇంకొంచెం బిగించింది. గోడ అవతలి నుంచి ఇరుగుపొరుగు తలలు లేచాయి. ఎవరికి తోచినట్టు వాళ్లు ఇడిసిపెట్టమని కుక్కకు చెప్పసాగారు. ఒక్కొక్క కేకకూ పంచె జానెడు జానెడు జారుతోంది. చెన్నకేశవులు నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

రత్నమ్మ అట్లకాడతో సహా బయటికి పరుగెత్తుకొచ్చింది. నాలుగేళ్ల తర్వాత కనిపించిన తమ్ముడు తన వాకిట్లో ఆ స్థితిలో ఉండడం చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది. వచ్చిన నాటి నుంచి మొట్టమొదటిసారి దాన్ని కుక్క అని పిలిచింది.

"ఓ దరిద్రపు కుక్కా, మా తమ్ముడే దొరికినాడా నీకు? ఇడిసిపెట్టు."

యజమానురాలి మాట కూడా వినకపోవడంతో లోకేశ్ సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. వాడు బెంగళూరు మంజులకు ఫోను చేశాడు. ఆవిడ ఎత్తలేదు.

ఈలోగా ఎదురింటి మద్దిలేటి తన మేడ మీది నుంచి ఫోనులో అంతా తీశాడు. ఉపకారం చేసే ఉద్దేశంతోనే తీశానని తర్వాత చెప్పుకున్నాడు. మేడ మీది నుంచి కుంకుమ కుంకుమలా కనిపించలేదు. "నంద్యాలలో కుక్క దాడి, ఆళ్లగడ్డ పెద్దమనిషి పరిస్థితి విషమం" అని రాసి నాలుగు గుంపుల్లో పెట్టాడు. అది ఆళ్లగడ్డ చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. కారులో రామలక్ష్మమ్మ ఫోను మోగింది. అవతల జాహ్నవి ఏడుస్తోంది.

"నాయన బాగానే ఉండాడు మే," అంది రామలక్ష్మమ్మ అద్దంలోంచి చూస్తూ. "పంచె ఒక్కటే బాగలేదు."

ఆ మాటతో పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. అంతలో చెన్నకేశవులు జేబులోని ఫోను మోగింది. సంజామల నుంచి పెళ్లికొడుకు తండ్రి విజయభాస్కర్. ఎత్తకపోతే చచ్చిపోయాడనుకుంటారు. ఎత్తితే పంచె పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. చెన్నకేశవులు ఆడపిల్ల తండ్రి కాబట్టి ఎత్తాడు.

"ఏందప్పా, యాడుండావ్? ఆసుపత్రిలోనా?" అవతలి గొంతులో కంగారు కంటే కటువే ఎక్కువగా ఉంది. "పిలుపుల్లోనే రక్తం చూస్తిమని మావోళ్లు అనుకుంటాండారు. మంచి శకునం గాదంట. ఈ ముహూర్తం వద్దు, ఆపుదామంటాండారు. నువ్వేమంటావ్?"

రత్నమ్మకు ఆ మాటలు వినిపించాయి. ఆమె అట్లకాడ చేతిలోంచి జారిపోయింది. మేనకోడలి పెళ్లి తన వాకిట్లో, తన మొగుడి డాబు వల్ల ఆగిపోతే ఇక ఆళ్లగడ్డ దారి ఆమెకు లేనట్టే. మహానందయ్య కూడా మొదటిసారి కుక్క వైపు కాకుండా భార్య ముఖం వైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు.

చెన్నకేశవులు కళ్లలో నీళ్లు తిరిగాయి. పంచె సంగతి మరిచిపోయి గొంతెత్తాడు.

"రక్తం గాదప్పా, కుంకుమ. మా అక్కకు పెట్టాల్సిన కుంకుమ. ఏమైనా గానీ, నా బిడ్డ పెండ్లి ఆగదు."

టైగర్ పంచె వదిలేసింది. వదిలేసి, ఇక పని అయిపోయినట్టు పక్కకు పోయి కూర్చుంది. వీధంతా నోరు తెరుచుకుని చూసింది. ఆ గొంతులోని గట్టితనం సంజామలలో కూడా పనిచేసింది. విజయభాస్కర్, "కుంకుమైతే మంచిదేలేప్పా, శుభమే," అని ఫోను పెట్టేశాడు.

కన్నతండ్రి ఆవేదన కుక్కక్కూడా అర్థమైందని మద్దిలేటి మేడ మీది నుంచి ప్రకటించాడు. అప్పుడే మంజుల తిరిగి ఫోను చేసింది. లోకేశ్ స్పీకరు పెట్టి జరిగినదంతా చెబితే, అవతల ఆవిడ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"దానికి తెలుగు ఎవరు నేర్పించింది సార్? అది మా దగ్గర కన్నడంలోనే పెరిగింది. 'బా' అంటే రా అని. 'ఇడి' అంటే పట్టుకో అని. మీరంతా కలిసి ఇడి ఇడి అంటుంటే పాపం అదేం చేస్తుంది? వదలమనడానికి 'బిడు' అనాలి."

మహానందయ్య కొడుకు వైపు తిరిగాడు.

"టిబెట్ కుక్క అంటివి గదరా?"

"టిబెట్ కుక్కే నాయనా," అన్నాడు లోకేశ్. "కన్నడ మీడియం."

"బిడు... బిడ్డా," అని రత్నమ్మ పెదాల్లోనే అనుకుంది. ఇన్నాళ్లూ తన ప్రేమకు లొంగి చెప్పులు వదిలిందనుకున్న బిడ్డ వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. రామలక్ష్మమ్మ ఎట్టకేలకు కారు దిగింది. భరిణెలో చిటికెడు కూడా మిగల్లేదు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఉంగరపు వేలితో మొగుడి చొక్కా మీది కుంకుమే తీసి ఆడబిడ్డ నుదుట పెట్టింది.

"రా వదినా. నువ్వు లేకుండా పసుపు ఎట్ల కొడ్తాం?"

రత్నమ్మ ఏడ్చింది. చెన్నకేశవులు కూడా కళ్లు తుడుచుకున్నాడు. లోకేశ్ పెట్టె ఎత్తుకుని తానూ కారెక్కాడు. అంతా అక్కడితో మంచిగా ముగిసేదే. కానీ మహానందయ్యకు పొద్దుటి పథకం ఇంకా మిగిలే ఉంది. బామ్మర్ది పంచె సర్దుకోవడం కూడా పూర్తికాలేదు, ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"అదంతా సరేగానీ, ఎట్లుంది మా టైగర్? సింహం మాదిరి లేదూ?"

చెన్నకేశవులు కుక్కను తల నుంచి తోక దాకా తీరిగ్గా చూశాడు.

"సింహమే బావా," అన్నాడు. ఆ పిలుపుకు టైగర్ లేచి దగ్గరికి వచ్చింది. అతను వంగి దాని జూలు నిమిరాడు. "మా ఇంటి ముందర ఉండేవి కుక్కలే, నువ్వు చెప్పినట్టే. ఏమంటే, ఎంత చెప్పినా అవి ఎవుర్నీ పట్టుకోవు." తర్వాత మహానందయ్య పంచె వైపు వేలు చూపి, దాని చెవిలో మెల్లగా, "ఇడి," అన్నాడు.

కారు కదిలేసరికి వీధి మళ్లీ గోడల మీదికి చేరింది. వాకిట్లో మహానందయ్య నడుము పట్టుకుని, యాభై ఏళ్ల అలవాటు కొద్దీ "ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు" అంటూనే ఉన్నాడు. ఆ కేకలు రత్నమ్మ చెవిన పడ్డాయి. వదిలించే మాట ఆమె నాలుక చివరే ఉంది.

కానీ బొట్టు పెట్టించుకుని శుభకార్యానికి బయలుదేరిన ఆడపడుచు వెనక్కి తిరిగి చూడకూడదు.