రెండు చుట్ల ఎలక్ట్రాన్

మోటార్లకు తీగ చుట్టే మేస్త్రీ ఆ ఉదయం ఉతికిన చొక్కా తొడుక్కుని, కాలేజీ లెక్చరర్‌ను తీసుకురావడానికి బస్టాండుకు బయల్దేరాడు. వెలుగు తన తోక తానే పట్టుకుని రెండు చుట్లు తిరిగితే అదే ఎలక్ట్రాన్ అని మేస్త్రీ నమ్మకం. ఆ ఆకారాన్ని సన్నని రాగి తీగతో తొమ్మిదేళ్లుగా చుడుతున్నాడు. తీగ కొసలు రెండూ ఎక్కడ దాచాలో మాత్రం ఇంకా తేలలేదు. పదకొండు ఉత్తరాలు రాస్తే ఈయన ఒక్కడు వస్తానన్నాడు. నచ్చితే కాలేజీ అద్దాల బీరువాలో పెడతారు.

"ఏమిటండీ అది?" అని భార్య ఎప్పుడడిగినా, "నీకెందుకులే" అనేవాడు.

బస్సు రెండు గంటలు ఆలస్యమైంది. ఈలోగా ఇంట్లో ముందుగది ఫ్యాన్ కాలి కమురు వాసన కొట్టింది.

"పెద్దమనిషి వచ్చే వేళకా! ఒరే, ఏదో ఒకటి చెయ్యరా" అంది భార్య తన తమ్ముడితో. అతను బావ దగ్గరే పని నేర్చాడు. కొత్త తీగ నిండుకుంది. బల్ల మీద గుడ్డ కింద చుట్ట కనబడింది. తీగ చుట్టేవాడి ఇంట్లో రాగిచుట్ట ఇంకేమవుతుంది? విప్పి ఫ్యాన్‌కు చుట్టేశాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది.

వంటింట్లోంచి వచ్చిన అక్క నెత్తి కొట్టుకుంది. "నీ చేతులు పడిపోను! ఆ పెద్దమనిషి చూడ్డానికొచ్చేది దాన్నేరా!"

"అందులో ఏముందక్కా చూడ్డానికి?"

"నాకేం తెలుసు? మీ బావ చెప్తేగా!"

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఆమె నీళ్లకుండ కింది గడ్డికుదురు లాగి గుడ్డ కింద పెట్టేసింది.

లెక్చరర్ గుడ్డ తీశాడు. "అబ్బ, ఏం మెలికండీ! రెండు చుట్లు, కొసలెక్కడున్నాయో తెలియడమే లేదు!"

మేస్త్రీ బావమరిది వైపు చూశాడు. అతని కళ్లు పైన ఫ్యాన్ మీదే ఉన్నాయి. గదిలో, కొత్తగా చుట్టిన తీగకు పూసే పచ్చి వార్నిష్ వాసన.

"అది కుండ కిందదండీ. నాది పైన తిరుగుతోంది."

"భలే చమత్కారులండీ మీరు! అవును, ఫ్యాన్ చప్పుడే లేదు" అంటూ లెక్చరర్ కుదురును సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"తీగనుకున్నా బావా" అన్నాడు బావమరిది.

"తీగేరా" అని మేస్త్రీ కూలబడ్డాడు. కాసేపటికి భార్యను పిలిచి, మొదటిసారి, తోక సంగతీ కొసల సంగతీ చెప్పాడు.

"ఇంతేనా? రెండో చుట్టు మొదటిదాని కడుపులోంచి తీసుకొచ్చి దోపెయ్యడమే. కుదురు చుట్టినప్పుడల్లా చేస్తున్నాగా" అందామె. "తొమ్మిదేళ్ల నాడే అడగకపోయారా?"



కాలేజీ అద్దాల బీరువాలో కుదురు పక్కన చీటీ మీద మేస్త్రీ పేరే రాశారు. ఇంట్లో కుండ మాత్రం గోడకు ఒరిగి ఉంది.