పత్రాతీతులు

పరాయి దేశంలో మనవాళ్ళెవరూ దొంగచాటుగా బతకకూడదని ప్రవాస క్షేమ మంత్రిగారు నిశ్చయించారు. నిశ్చయించి ఊరుకోలేదు. పరివారాన్నీ, బావమరిదినీ వెంటబెట్టుకుని స్వయంగా విమానమెక్కారు. అంతటి త్యాగం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?

సభ పెట్టిన హాలుకు నేల పలకలు పరిచిన మేస్త్రే ముందు వరసలో కూర్చున్నాడు. వీసా ఎప్పుడో చచ్చిపోయింది. పాస్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గరుంది. కాంట్రాక్టరు ఎక్కడున్నాడో తెలియదు. ఇంటిదగ్గర భార్యకు కడుపులో గడ్డ. మొగుడు వస్తేగాని ఆపరేషను బల్ల ఎక్కనని ఆమె మొండికేసింది. ఇక ఆగితే ప్రమాదమంటున్నాడు డాక్టరు. పోలీసుల చేతిలో పడకుండా దేశం దాటాలంటే ఎగ్జిట్ పాస్ కావాలి. మంత్రిగారు ఇప్పిస్తారంటే పని మానుకుని వచ్చాడు.

"అక్రమ వలసదారులు! ఈ మాట వింటే నా గుండె తరుక్కుపోతుంది" అన్నారు మంత్రిగారు. "మనిషి అక్రమం ఎలా అవుతాడయ్యా? ఆ మాట ఇవాళ్టితో రద్దు. ఇకమీదట మీరంతా కాగితాతీతులు!"

చప్పట్లు మోగాయి. పి.ఎ. చెవి దగ్గర వంగాడు. మైకు ఆపడం మరిచారు.

"సార్, కాగితానికీ అతీతానికీ అతకదు. దుష్టసమాసం. ప్రతిపక్షం పట్టుకుంటుంది."

"మరేమని చావమంటావ్?"

"పత్రాతీతులు అనండి సార్."

"పత్రాతీతులు!" అన్నారు మంత్రిగారు. ఈసారి చప్పట్లు రెట్టింపయ్యాయి. సమాసం కుదిరాక ఇక సమస్య ఏముంటుంది?

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఎగ్జిట్ పాసు..."

"ఎవరితను?"

ప్రవాస సంఘం అధ్యక్షుడు గర్వంగా చెప్పాడు. "సిసలైన పత్రాతీతుడండీ. ఒంటిమీద ఒక్క కాగితం ముక్క లేదు."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. మేస్త్రిని వేదిక ఎక్కించి కౌగిలించుకున్నారు. ఫోటో సరిగ్గా రాలేదంటే ఇంకోసారి కౌగిలించుకున్నారు. 'పత్రాతీత రత్న' అని ప్రభుత్వ ముద్ర వేసిన ప్రశంసాపత్రం అప్పటికప్పుడే రాయించి చేతిలో పెట్టారు. సభలో ఉన్న మిగతా పత్రాతీతులకూ తలా ఒకటి పంచారు.

"పాసు సంగతి సెలవిచ్చారు కాదు..."

"కౌంటర్లో ఇస్తారు నాయనా. నేను చెప్పానని చెప్పు."

మర్నాడు మేస్త్రి రాయబార కార్యాలయం కౌంటరు ముందు నిలబడ్డాడు.

"పాసు పత్రాతీతులకు మాత్రమే" అన్నాడు గుమాస్తా.

"నేనేనండీ. ఇదిగో, మంత్రిగారే ఇచ్చారు."

గుమాస్తా చదివాడు. ముద్రను గోటితో గీకి చూశాడు. "ఇదేమిటి?"

"పత్రమండీ."

"పత్రం ఉన్నవాడివి పత్రాతీతుడివెలా అవుతావయ్యా?"

"చింపేస్తానండీ."

"ప్రభుత్వ ముద్ర చింపితే కేసు."

"పోనీ, మీరే ఉంచేసుకోండి."

"ఉంచుకుంటే రసీదివ్వాలి. రసీదూ పత్రమేగా?" అని జాలిగా చూసి, గుమాస్తా తర్వాతివాణ్ణి పిలిచాడు.

మంత్రిగారు స్వదేశంలో దిగీ దిగగానే విలేకర్లను పిలిచారు. "ఆ దేశంలో మన పత్రాతీతుడు ఒక్కడూ మిగల్లేదు" అని ప్రకటించారు. అందులో అబద్ధం వెతికినవాడికి కళ్ళు పోతాయి. పత్రికలవాళ్ళు కౌగిలింత ఫోటో పైన 'అందరూ ఇంటికి' అని పెద్దక్షరాలు వేసుకున్నారు.

మేస్త్రి ఎవరిదో స్నానాల గదిలో పలకలు కోస్తున్నాడు. ఫోను మోగింది. మిషను ఆపి, సున్నపు చేత్తోనే ఎత్తాడు.

"బావా, పేపర్లో నీ బొమ్మ చూశా! ఎంత చిక్కిపోయావు!" భార్య గొంతులో ఎన్నడూ లేని హుషారు. "మిమ్మల్నందర్నీ తెచ్చేశారని రాశారుగా. ఇక్కడ ఆస్పత్రిలో నర్సుకు కూడా చూపించా. మా ఆయన వచ్చేస్తున్నాడు, ఇక బల్ల ఎక్కించండమ్మా అని వేలిముద్ర వేసేశా. ఇదిగో, తీసుకెళ్తున్నారు."

మేస్త్రి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పలకవేం బావా? బండిలో ఉన్నావా? ఎక్కడిదాకా వచ్చావు?"