పద్దెనిమిదో వారం టీ

ఆ సోమవారం ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త టీలో మిగిలిన ఆఖరి పావు చెంచా పంచదారను కూడా మానేయడం, అంతే. ఆసుపత్రి మందుల గదిలో పదిహేనేళ్ళుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్న మనిషికి ఒక సంగతి బాగా తెలుసు. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు, వారానికింత చొప్పున మోతాదు తగ్గించుకుంటూ పోవాలి. మందుకు పనికొచ్చిన సూత్రం మొగుడికి పనికిరాదా అనుకుంది.

ఈ తెలివి ఊరికే రాలేదు. భర్త రక్తపరీక్షలో చక్కెర గీత దాటడానికి తయారుగా ఉందని తెలిసిన రోజున ఆవిడ వంటింటి అల్మరా మొత్తం ఒక్క పూటలో ఖాళీ చేసింది. మైదా, సూపు పొడి పొట్లాలు, సాసు సీసాలు, పంచదార, అన్నీ బయటికి. "ఇది ఇల్లా, ఆసుపత్రి వార్డా?" అని భర్త కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాటి సాయంత్రానికల్లా అవన్నీ రెట్టింపై తిరిగొచ్చాయి. దాంతో ఆవిడ నోరు మూసుకుని చెంచా పట్టుకుంది. డబ్బాలు పాతచోటే ఉన్నాయి, లోపలి సరుకు మాత్రం చాప కింద నీరులా మారుతూ వచ్చింది. మైదా డబ్బాలోకి వారానికో గ్లాసు ముడి గోధుమపిండి చేరింది. సూపు జాడీలోకి ఎండబెట్టి దంచిన కూరగాయల పొడి, సాసు సీసాలోకి ఇంట్లో ఉడికించిన టమాటా గుజ్జు వచ్చాయి. ఏ వారం ఏది ఎంతో అల్మరా తలుపు లోపలివైపు పట్టికగా రాసిపెట్టుకుంది, డాక్టర్ల చేతిరాతలో. ఆ రాత చదవగలిగిన మనిషి ఇంట్లో ఆవిడొక్కతే.

ఇంట్లో ఉండే మిగతా ఇద్దరు అత్తగారూ భర్తా. అత్తగారు పెట్టింది తిని, కిటికీ దగ్గర కూర్చుని పేపర్లో పదాల గళ్ళు నింపుకునే మనిషి. ఆవిడతో ఎవరికీ పేచీ లేదు. భర్త సంగతే కొంచెం చెప్పుకోవాలి. ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగి. ఇరవై రెండేళ్ళుగా ఆయన కొరికి తల ఊపందే అక్కడ ఒక్క పెట్టె కూడా గేటు దాటలేదు. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు, ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన నాలుకయ్య. పొద్దున్నే ఇంట్లో ఒక కప్పు టీ తాగి, ఆ తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళి బిస్కెట్ కొరకడం ఆయన పద్ధతి. టీ ఎంత తీపో బిస్కెట్ దానికి మూడింతలు ఉండాలి. అంటే ఇంటి టీయే ఆయన తూకంరాయి. ఇంత ముఖ్యమైన సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పే మగవాళ్ళు ఎంతమంది?

"టీ ఎలా ఉందండీ?" అని అడిగింది ఆవిడ.

"ఎప్పటిలాగే ఉంది" అని నాలుకయ్య కప్పు కింద పెట్టి చెప్పులేసుకున్నాడు.

ఆవిడ అల్మరా తలుపు తీసి ఆఖరి గడిలో టిక్కు పెట్టింది. ఏదో పెద్ద పరీక్ష పాసైనంత సంతోషంగా ఆసుపత్రికి బయల్దేరింది.

పది గంటలకు ఫ్యాక్టరీలో ఆ రోజు మొదటి వాయి వచ్చింది. నాలుకయ్య ఒకటి తీసి కొరికాడు. కొరికినవాడు అలాగే ఆగిపోయాడు. నెలరోజులుగా తీపి కాస్త ఎక్కువగా ఉన్నట్టు అనుమానంగానే ఉంది. ఇవాళ అనుమానం కాదు, నోట్లో పాకం పోసినట్టుంది.

"ఇందులో పంచదార ఎంత పోశావయ్యా?"

పిండి కలిపే విభాగం మేస్త్రి కొలతల కాగితం చూపించాడు. "రోజూ పోసేదే సార్. ఒక్క గ్రాము తేడా లేదు."

"కాగితం చెప్పింది నమ్మాలా, నా నాలుక చెప్పింది నమ్మాలా?"

నాలుకను కాదనే ధైర్యం మేస్త్రికి లేదు. తూకం యంత్రం విప్పారు. దాన్ని విప్పడం అందరికీ వచ్చింది గాని బిగించడం ఎవరికీ రాలేదు. లైను ఆగింది. యంత్రం తప్పు కాకపోతే పంచదారే మారి ఉంటుందని సరుకు పంపినవాడికి ఫోను చేసి తిట్టారు. వాడు తిరిగి తిట్టాడు. చివరికి చేతి తక్కెడతో పావు వంతు పంచదార తగ్గించి రెండో వాయి వేశారు. నాలుకయ్య తల అడ్డంగా ఊపాడు. సగం తగ్గించి మూడో వాయి వేశారు. ఆయన కళ్ళు మూసుకుని నమిలి, "ఇదీ మన బిస్కెట్ అంటే" అన్నాడు తృప్తిగా.

సరిగ్గా అప్పుడే యజమాని లోపలికొచ్చాడు. లైను ఎందుకు ఆగిందో తెలుసుకుందామని వచ్చిన మనిషి ట్రేలోంచి ఒకటి నోట్లో వేసుకున్నాడు. వేసుకున్నాక చుట్టూ చూశాడు.

"ఎవరయ్యా, ప్యాకింగు అట్ట ముక్కలు తెచ్చి ట్రేలో పెట్టింది?"

మేస్త్రి నాలుకయ్య వైపు చూశాడు. నాలుకయ్య నేల వైపు చూశాడు.

యజమాని చెడ్డవాడు కాదు, అలాగని ఓపిక ఉన్నవాడూ కాదు. "రేపు పది గంటలకు పరీక్ష. పంచదార నీళ్ళ గ్లాసులు పది పెట్టిస్తాను. ఒక్కోదానికి ఒక్కో అర చెంచా తేడా ఉంటుంది. వరసలో పెట్టగలిగితే నీ కుర్చీ నీది. లేకపోతే ప్యాకింగు విభాగంలో చీటీలు అంటించు" అన్నాడు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీలో ఆయనకు సానుభూతి మొదలైంది. ఒకరు నాలుక గీసుకోమన్నారు. ఒకరు తేనె రాయమన్నారు, ఇంకొకరు అసలు తేనే వద్దన్నారు. ఫ్యాక్టరీ నర్సు టార్చి వేసి చూసి, "చూడటానికి బాగానే ఉందండీ" అని జాలిగా చెప్పింది. ఆ జాలే ఆయన్ని సగం చంపింది.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి భర్త అద్దం ముందు నాలుక బయటపెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా పని అయిపోయింది. ఈ నాలుక చచ్చిపోయింది" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. పొద్దుటి టీ, మూడింతల లెక్క, ఇరవై రెండేళ్ళ పద్ధతి, అన్నీ ఇన్నేళ్ళకు ఇప్పుడు చెప్పాడు.

ఆవిడకు దొంగకు తేలు కుట్టినట్టయింది. టీలో పంచదార సున్నా. సున్నాకు మూడింతలు ఎంతో పెద్ద చదువు లేకపోయినా ఎవరైనా చెప్పగలరు. చెప్పకపోతే ఈ మనిషి రేపు భయంతోనే ఓడిపోతాడు. ఆయన్ను బాగుచేద్దామని తనే ఆయన కుర్చీ కాలు కోసింది. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

"మీ నాలుకకేం కాలేదండీ. చేసిందంతా నేనే" అని అల్మరా తలుపు తెరిచి పట్టిక చూపించింది. ఒక్కో గడీ చదివి వినిపించింది.

ఆయన అరుస్తాడనుకుంది. అరవలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"పద్దెనిమిది వారాలు" అన్నాడు. "టీ, సూపు, సాసు, పిండి... నాకు తెలియలేదు."

"కొంచెం కొంచెంగా చేశాను కదండీ. ఎవరికీ తెలియదు."

"ఎవరికో తెలియకపోతే ఏం? నేను తెలుసుకోవడానికే పుట్టినవాణ్ణి." ఆశగా తలెత్తాడు. "దీన్ని ఏదైనా జబ్బని చెప్పడానికి వీలుందా? మీ ఆసుపత్రిలో మంచి పేరున్న జబ్బేదైనా చూడు."

మర్నాడు ఆవిడ టీలో మూడు చెంచాల పంచదార వేసి తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు. "ఇక నా తూకంరాయిని ముట్టుకోకు" అని, ఆ పూట టీ లేకుండానే వెళ్ళాడు.

పది గంటలకు ఫ్యాక్టరీ ల్యాబు అమ్మాయి పది గ్లాసులు తారుమారు చేసి బల్ల మీద పెట్టింది. పరీక్ష న్యాయంగా ఉందని చూపించడానికి యజమాని మొదట తానే కూర్చున్నాడు. ఏడు తప్పులొచ్చాయి. ఒట్టి నీళ్ళ గ్లాసును మధ్యలో పెట్టాడు. తర్వాత నాలుకయ్య కూర్చున్నాడు. ఒక్కో గుక్క తీసుకుంటూ, పుక్కిలిస్తూ, ఒక్కో గ్లాసే జరుపుతూ వెళ్ళాడు. చివరికి రెండు గ్లాసులు చేతిలో మిగిలాయి.

"ఈ రెండూ ఒకటేనమ్మా" అన్నాడు.

"అలా ఉండదు సార్" అంది ల్యాబు అమ్మాయి. తన కాగితం చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. "సారీ సార్. నాలుగో గ్లాసు కొలతే రెండింటిలో కలిపాను."

మేస్త్రి మొదట చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. యజమాని ఏడు తప్పుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "అంటే ఈయన నాలుక సరిగ్గానే ఉంది. మనవే తీపికి మొద్దుబారాయి" అన్నాడు. "నిన్నటి ఆ మూడో వాయి ఉందే, అదే ఇకనుంచి మన కొత్త బిస్కెట్. తక్కువ తీపి, ఎక్కువ ఆరోగ్యం. దాని బాధ్యత ఈయనదే."

నాలుకయ్య నోరు తెరిచాడు. నిజం చెప్పాలంటే పద్దెనిమిది వారాల సంగతి కూడా చెప్పాలి. నోరు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన నడకే వేరుగా ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, రచ్చ గెలిచాక ఇంటిని గెలవడం ఎంతసేపని ఆయన ధీమా. భార్యకు అంతా చెప్పాడు, రెండు గ్లాసుల ముక్క రెండుసార్లు చెప్పాడు. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుని ముగ్గురికీ సూపు వడ్డించింది.

"అమ్మా, విన్నావా?" అన్నాడు తల్లితో. "ఈ ఇంట్లో పద్దెనిమిది వారాలుగా ఒక్క సరుకూ అసలుది కాదట. నీకూ తెలియలేదు కదూ?"

"ఎందుకు తెలియదురా, రెండో వారమే తెలిసింది" అంది తల్లి సూపు ఊదుకుంటూ. "ఒంటికి తేలిగ్గా ఉందని ఊరుకున్నాను."

నాలుకయ్య చెంచా గిన్నెలో ఆగిపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలియదని ఎలా అనుకుంటాను నాయనా? నీకు జీతం ఇచ్చేదే అందుకు కదా."